సిరా అంటకముందే నోటు

1922 మే 20న ఫ్రాన్స్ పడమటి కొస దగ్గర సముద్రం మీద దట్టంగా పొగమంచు కమ్మింది. లండన్ నుంచి బొంబాయికి బయలుదేరిన ఈజిప్ట్ అనే ప్రయాణికుల ఓడను ఆ మంచులో సెయిన్ అనే ఫ్రెంచి సరుకు ఓడ గుద్దింది. ఇరవై నిమిషాల్లో ఈజిప్ట్ మునిగిపోయింది. ఎనభై మందికి పైగా చనిపోయారు. ఓడలో పది లక్షల పౌన్లకు మించిన బంగారం, వెండి ఉన్నాయి. పదేళ్ల తర్వాత, 1932లో, ఆర్తిల్యో అనే ఇటాలియన్ ఓడ సిబ్బంది సుమారు 400 అడుగుల లోతు నుంచి ఆ బంగారాన్ని వెలికితీశారు. దాంతో పాటు తడిసి ముద్దగా ఉన్న నోట్ల కట్టలూ బయటికొచ్చాయి. అవి నిజాం ప్రభుత్వం కోసం లండన్‌లో వాటర్లో అండ్ సన్స్ అచ్చువేసిన ఉస్మానియా సిక్కా నోట్లు. వాటి మీద సంతకాలు కూడా ఇంకా పడలేదు.

మరకలు పడినా, అంచులు కొరుక్కుపోయినా వాటిలో చాలా నోట్లు నోట్లుగానే మిగిలాయి. పదేళ్లు ఉప్పునీళ్లలో నానిన ఆ కాగితాలను నాణేలు, నోట్లు సేకరించేవారు ఇప్పటికీ వేలంపాటల్లో పోటీపడి కొంటున్నారు. వార్తాపత్రికను ఒక్క రాత్రి నీళ్లలో ఉంచితే తెల్లారేసరికి పట్టుకుంటే చిరిగిపోయేంత మెత్తబడుతుంది. ఈ రెండింటికీ తేడా ఎక్కడుందన్నదే ఈ వ్యాసానికి ఎంచుకున్న విషయం.

హైదరాబాదుకు ఆ నోట్లు వచ్చిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. సంస్థానాలు సొంతంగా కాగితం డబ్బు వేసుకోవడం బ్రిటిషువారికి ఇష్టం ఉండేది కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో వెండికి కరువొచ్చింది. యుద్ధానికి హైదరాబాదు చేసిన సాయాన్ని కాదనలేని పరిస్థితీ ఏర్పడింది. దాంతో 1918లో పది, వంద రూపాయల నోట్లకు ఒప్పుకోక తప్పలేదు. మరుసటి ఏడు ఒకటి, ఐదు రూపాయల నోట్లు, 1926లో వెయ్యి రూపాయల నోటు వచ్చాయి. ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ భాషల్లోనూ విలువ రాసిన నోట్లవి. చలామణీ హైదరాబాదులో, ముద్రణ లండన్‌లో. నాసిక్‌లో ముద్రణాలయం వెలిశాక ఆ పని అక్కడికి మారింది.

నోటు అనగానే బొమ్మ, రంగు, సంతకం గుర్తొస్తాయి. దొంగనోట్లు వేసేవాడు కూడా ముందు వాటి మీదే కన్నేస్తాడు. చేయి తిరిగిన చెక్కడపు పనివాడు ఏ బొమ్మనైనా దించగలడని పద్దెనిమిదో శతాబ్దానికే తేలిపోయింది. కాగితం తడిగుజ్జుగా ఉన్నప్పుడు దాని లోపల ఏర్పడిన గుర్తును మాత్రం తర్వాత ఎవరూ పైనుంచి అద్దలేరు. నోటుకు అసలు కాపలా సిరా అంటకముందే కాగితంలో కూర్చుని ఉంటుంది. నోట్ల చరిత్రలో ఈ సంగతిని ప్రభుత్వాలు మరిచిన ప్రతిసారీ జనం నష్టపోయారు.

కాగితం డబ్బు చైనాలో పుట్టింది. సిచువాన్‌లో వర్తకులు ఇనుప నాణేల బరువు మోయలేక రసీదులు మార్చుకునేవారు. పదకొండో శతాబ్దం మొదట్లో సోంగ్ ప్రభుత్వం ఆ పనిని తన చేతిలోకి తీసుకుంది. కుబ్లాయ్ ఖాన్ డబ్బును మల్బరీ చెట్టు బెరడుతో చేస్తారని మార్కోపోలో రాశాడు. యూరప్‌లో మొదటి బ్యాంకు నోట్లు 1661లో స్టాక్‌హోమ్‌లో వెలువడ్డాయి. ఆ బ్యాంకు కొన్నేళ్లకే దివాళా తీసింది. దాని స్థానంలో వచ్చిన స్వీడన్ కేంద్రబ్యాంకు 1755లో తుంబాలో నోట్ల కోసమే ఒక కాగితం మిల్లు పెట్టించుకుంది. ముద్రణ కంటే ముందు కాగితాన్ని గుప్పిట్లో పెట్టుకోవాలని వాళ్లకు అప్పుడే అర్థమైంది.

ఇంగ్లండులో ఆ పని ఒక కుటుంబం చేతికి వెళ్లింది. ఫ్రాన్స్‌లో మతహింస తట్టుకోలేక పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లలో హెన్రీ పోర్టల్ ఒకడు. హాంప్‌షైర్‌లో టెస్ట్ నది ఒడ్డున, లేవర్‌స్టోక్ గ్రామంలో అతని మిల్లు ఉండేది. 1724లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన నోట్ల కాగితం కాంట్రాక్టును అతనికిచ్చింది. తీగల జల్లెడ బిగించిన చెక్క చట్రాన్ని పనివాడు గుజ్జు తొట్టిలో ముంచి పైకి తీసి, అటూ ఇటూ కుదిపేవాడు. నీరు జారిపోయి పోగులు జల్లెడ మీద పలచని పొరగా నిలిచేవి. జల్లెడకు కుట్టిన తీగల అక్షరాల దగ్గర పొర పలచబడేది. ఆరాక వెలుతురుకు పడితే ఆ అక్షరాలు మెరిసేవి. బ్యాంకు నోటు వాటర్‌మార్క్ అంటే మొదట్లో అంతే. ఒక్కో అచ్చులో రెండు నోట్లకు సరిపడా కాగితం వచ్చేది. మధ్యలో కోసినప్పుడు ప్రతి నోటుకూ మూడు అంచులు గరుకుగా, ఒక అంచు నున్నగా ఉండేవి. ఆ గరుకు అంచులు కూడా నోటుకు ఒక సాక్ష్యమే.

వాటర్‌మార్క్‌ను నకలు చేసినవాడికి ఉరిశిక్ష వేసే చట్టం 1773లో వచ్చింది. ఇరవై నాలుగేళ్లకు అసలు పరీక్ష ఎదురైంది. 1797లో యుద్ధఖర్చుల ఒత్తిడికి బ్యాంకు నోట్లకు బంగారం ఇవ్వడం మానేసి, ఒకటి, రెండు పౌన్ల చిన్న నోట్లను కుప్పలుగా వేసింది. అంతవరకు నోటు అన్నది షావుకార్ల చేతుల్లో తిరిగే వస్తువు. ఇప్పుడది కూలీల చేతికీ, చిల్లర దుకాణానికీ వచ్చింది. ఒకవైపే నల్ల సిరాతో వేసిన ఆ సాదా నోటును దించడం తేలిక. చదువురాని పేదవాడికి వాటర్‌మార్క్ చూసుకోవాలనే తెలియదు. తర్వాతి మూడు దశాబ్దాల్లో దొంగనోట్ల నేరానికి మూడు వందల మందికి పైగా ఉరికంబం ఎక్కారు. వారిలో ఎక్కువమంది నోట్లు తయారుచేసినవారు కారు, మార్చబోయి పట్టుబడ్డవారు. కార్టూనిస్టు జార్జ్ క్రూక్‌షాంక్ 1819లో ఉరికి వేలాడే శవాల వరసతో ఒక వెక్కిరింపు నోటు గీసి అచ్చేశాడు. అది చూడటానికి జనం దుకాణం ముందు గుమికూడారు. సులువుగా నకలు తీయగలిగే నోటును జనం మీదికి వదిలి, నకలు పట్టుకున్నవాడిని ఉరితీయడం బ్యాంకు చరిత్రలో మాయని మచ్చ.

కాగితం తన సత్తా చూపించిన ఘట్టం రెండో ప్రపంచయుద్ధంలో వచ్చింది. బ్రిటన్ ఆర్థిక వ్యవస్థను దొంగనోట్లతో ముంచాలని నాజీలు పథకం వేశారు. మొదట వాళ్లకు బొమ్మ కంటే కాగితమే ఎక్కువ తలనొప్పి తెచ్చింది. అసలు పౌను నోట్లను పరీక్షిస్తే అందులో కర్రగుజ్జు లేదని, నార గుడ్డల పోగులున్నాయని తేలింది. పేరున్న జర్మన్ కాగితం మిల్లు హానెమ్యూలెలో అలాంటి కాగితాన్నే చేయించారు. చేతికి ఒకేలా తగిలేది, కంటికి ఒకేలా కనిపించేది. అతినీలలోహిత దీపం కింద పెడితే మాత్రం రంగు తేడాగా ఉండేది. చివరికి పట్టుబడిన రహస్యం వింటే నవ్వొస్తుంది. ఇంగ్లీషువాళ్లు వాడేవి పాత గుడ్డలు, జర్మన్లు వాడినవి కొత్తవి. అప్పుడు గుడ్డల్ని ఫ్యాక్టరీలకు పంపి, యంత్రాలు తుడిపించి, మురికి పట్టాక ఉతికి, ఆ పాత గుడ్డలతో కాగితం చేశారు. నీటిలో కలిసిన రసాయనాలను కూడా సరిచూసుకున్నారు.

1942 నుంచి ఈ పని బెర్నార్డ్ క్రూగర్ అనే అధికారి కింద, జాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరంలో, 142 మంది యూదు ఖైదీల చేత సాగింది. పని ఆగితే ప్రాణం పోతుందని వాళ్లకు తెలుసు. కొత్త నోట్లను చేతుల మీదుగా మార్చుకుంటూ, మడుస్తూ, నలుపుతూ పాతబడేలా చేయడం కూడా వాళ్ల పనే. యుద్ధం ముగిసేనాటికి దాదాపు 90 లక్షల నోట్లు తయారయ్యాయి. వాటి ముఖవిలువ 13 కోట్ల పౌన్లు దాటింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1943లోనే పది పౌన్లు, అంతకు మించిన నోట్లు వేయడం ఆపేసింది. పది పౌన్ల నోటు మళ్లీ రావడానికి 1964 దాకా పట్టింది.

దొంగనోట్లకు విరుగుడు కూడా అప్పటికే కాగితంలోంచి వచ్చింది. 1940లో విడుదలైన ఒక పౌను నోటులో కాగితం పొర లోపల సన్నని లోహపు పట్టీ పెట్టారు. నోట్లలో భద్రతా దారం అదే మొదటిసారి. వాటర్‌మార్క్‌తో పాటు ఈ దారాన్ని కూడా గుజ్జు దశలోనే ఇమడ్చాలి. ఆరిన కాగితంలో దారం దూర్చడం ఎవరివల్లా కాదు. మహా అయితే పైన గీత గీయగలరు. దొంగనోట్లు వేసేవారు నేటికీ చేస్తున్నది ఎక్కువగా అదే.

ఇక నేటి తయారీ. భారతీయ నోటు నూటికి నూరుపాళ్లు పత్తి. అది కూడా నూలు మిల్లుల్లో దూదిని దువ్వేటప్పుడు రాలే పొట్టి పోగులు, అంటే కోంబర్ వేస్ట్. నూలు వడకడానికి పనికిరాని ఆ దూది కాగితానికి మాత్రం వరం. కర్రలో సెల్యులోజు పోగుల్ని అతికించి ఉంచే లిగ్నిన్ ఉంటుంది. కాలం గడిచేకొద్దీ అది కాగితాన్ని పసుపుపచ్చగా మార్చి పెళుసుబారుస్తుంది. పత్తిలో అది దాదాపు ఉండదు. పైగా పత్తి పోగు పొడవు, బలం కర్రపోగుకు లేవు. పత్తిని కాస్టిక్ సోడాతో ఆవిరి ఒత్తిడిలో ఉడికిస్తారు. తర్వాత తెల్లబరుస్తారు. ఆపైన బీటింగ్, కాగితం పనిలో ఎక్కువ నేర్పు కావాల్సింది ఇక్కడే. తిరిగే లోహపు పలకల మధ్య నలిగి పోగు బయటి పొర చీలికలవుతుంది. ఆ చీలికలు ఒకదాన్నొకటి పట్టుకుంటేనే కాగితానికి బలం. తక్కువ బీటింగ్ చేస్తే కాగితం వదులుగా ఉంటుంది, ఎక్కువైతే పెళుసవుతుంది.

గుజ్జు సిద్ధమయ్యాక సిలిండర్ అచ్చు దగ్గరికి చేరుతుంది. దీనికి మూలం 1809లో జాన్ డికిన్సన్ అనే ఇంగ్లీషువాడు చేసిన యంత్రం. పుస్తకాల కాగితం వేసే యంత్రంలో గుజ్జు పరుగులు తీసే జల్లెడ మీద పడుతుంది. ఇక్కడ అలా కాదు. జల్లెడ తొడిగిన పెద్ద పీపా గుజ్జు తొట్టిలో మెల్లగా తిరుగుతుంది. నీరు జల్లెడలోంచి లోపలికి పోతుంటే పోగులు పీపా మీద పేరుకుంటాయి. ఆ జల్లెడనే ముందుగా గాంధీ ముఖం ఆకారంలో, ఎత్తుపల్లాలతో ఒత్తి ఉంచుతారు. వరద తీసిన పొలంలో గుంటల్లో ఒండ్రు మందంగా, గట్ల మీద పలచగా మిగిలినట్టు, పల్లంలో పోగులు ఎక్కువ, ఎత్తులో తక్కువ నిలుస్తాయి. మందమైనచోట నీడ, పలచనిచోట వెలుగు. అందుకే అసలు నోటులో గాంధీ చెంప మీద నీడ క్రమంగా చిక్కబడుతుంది. ఈ వెలుగునీడల విద్యను పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో విలియం హెన్రీ స్మిత్ ఇంగ్లండులో సాధించాడు. ముఖం పక్కనే తళుక్కున మెరిసే అంకె ఉంటుంది. అక్కడ జల్లెడకు ఒక చిన్న లోహపు ముక్క అతికించి, నీరు పోయే దారే మూసేస్తారు. పోగు దాదాపు నిలవదు.

దారం చుట్టిన చిన్న చక్రాలు ఆ తొట్టి పక్కనే ఉంటాయి. పీపా మీద కాగితం ఏర్పడుతుండగానే దారం అందులోకి దిగుతుంది. జల్లెడ మీద వరసగా ఉబ్బులు చేసి ఉంచితే దారం వాటిని తాకినచోట బయటికి తేలుతుంది, మిగతాచోట పోగుల కింద మునుగుతుంది. వంద, రెండు వందలు, ఐదు వందల నోట్లలో ఆగి ఆగి కనిపించే దారానికి కారణం ఇదే. నోటును వంచితే అది ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుంది. తడి కాగితాన్ని ఫెల్ట్ మీదికి ఎక్కించి, ఒత్తి, ఆరబెట్టి, పైన సైజింగ్ ద్రావణం పట్టిస్తారు. చెమటకూ, నూనెకూ త్వరగా లొంగకుండా, తడిస్తే విడిపోకుండా చేసేవి కలిపే రెసిన్లు, ఈ సైజింగే. కొత్త నోట్ల కట్టను వేలితో విదిలిస్తే వచ్చే గరగర చప్పుడు కూడా ఈ పనులన్నిటి ఫలితమే. బ్యాంకుల్లో పాతకాలపు క్యాషియర్లు కళ్ల కంటే ముందు వేళ్లతో, చెవులతో దొంగనోటును పసిగట్టేవారు.

నోట్ల కాగితంలో లేనివి కూడా దానికి రక్షణే. బజారులో దొరికే తెల్లకాగితంలో మెరుపు కోసం ఒక రసాయనం కలుపుతారు. అతినీలలోహిత దీపం కింద అది నీలంగా వెలిగిపోతుంది. నోటు మాత్రం మసకగా ఉండి, అక్కడక్కడా చల్లిన రంగు పోగులే మెరుస్తాయి. మామూలు కాగితంలో పిండి ఉంటుంది కనుక అయోడిన్ పెన్ను గీస్తే నల్లబడుతుంది. నోటు మీద ఆ గీత పసుపుపచ్చగా తేలిపోతుంది.

అమెరికా డాలర్ల కాగితం 1879 నుంచీ మాసాచుసెట్స్ రాష్ట్రం డాల్టన్ ఊళ్లోని క్రేన్ కంపెనీదే. అందులో 75 శాతం పత్తి, 25 శాతం నార. ఆ పత్తిలో మంచి భాగం చాలాకాలం జీన్స్ కుట్టగా మిగిలిన డెనిమ్ ముక్కల నుంచి వచ్చేది. జీన్స్ సాగేలా ఉండాలని కుర్రకారు కోరుకోవడంతో బట్టలో స్పాండెక్స్ చేరింది. ఆ సాగుడు పోగు గుజ్జులో పడితే కాగితం పాడవుతుంది. చివరికి క్రేన్ పత్తిని నేరుగా కొనాల్సి వచ్చింది. ఫ్యాషన్ కొట్టిన దెబ్బ నోటు దాకా చేరడం చిత్రమే! డాలర్లతో ఇంకో చిక్కుంది. అన్ని నోట్లూ ఒకే సైజు. ఒక డాలరు నోటు సిరాను కడిగేసి, అదే అసలు కాగితం మీద వంద వేసినవాళ్లున్నారు. కాగితం ఎంత గట్టిదైనా విలువకు తగ్గ గుర్తు అందులో లేకపోతే ప్రయోజనం లేదని అలా తేలింది. 1990 నుంచి దారాలు, 1996 నుంచి ముఖం వాటర్‌మార్క్‌లు చేరాయి. భారతదేశంలో విలువను బట్టి నోటు కొలత మారుతుంది కనుక ఈ మోసానికి చోటు తక్కువ.

భారతదేశానికి నోటు చట్టబద్ధంగా 1861లో వచ్చింది. విక్టోరియా రాణి బొమ్మ ఉన్న ఆ నోట్ల కాగితం, టెస్ట్ నది ఒడ్డున ఉన్న అదే లేవర్‌స్టోక్ మిల్లులో చేత్తో తీసినది. నకిలీలు పెరగడంతో ఆ నోట్లను ఆపి 1867లో వేరే నమూనా తెచ్చారు. 1928లో నాసిక్ ముద్రణాలయంతో అచ్చు స్వదేశానికి వచ్చింది. కాగితం రాలేదు. రెండో యుద్ధంలో జపాన్ వాళ్లు ఐదు, పది రూపాయల నోట్లను అచ్చుగుద్దినట్టు దించడంతో వాటర్‌మార్క్‌లో ఆరో జార్జి ముఖాన్ని పక్కచూపు నుంచి ఎదురుచూపుకు మార్చారు. మన నోట్లలోకి దారం కూడా అప్పుడే వచ్చింది.

స్వతంత్రం వచ్చిన రెండు దశాబ్దాలకు, 1967-68లో, మధ్యప్రదేశ్‌లో నర్మదా తీరాన హోషంగాబాద్‌లో సెక్యూరిటీ పేపర్ మిల్లు పని మొదలుపెట్టింది. ఆ ఊరి పేరు ఇప్పుడు నర్మదాపురం. దాని ఉత్పత్తి దేశ అవసరానికి చాలక, పెద్ద నోట్ల కాగితంలో చాలా భాగం యూరప్ కంపెనీల నుంచి కొంటూనే వచ్చారు. ఆ అమ్మకందార్లలో ఒకటైన డెలారూ 2010లో ఒక చేదు సంగతి ఒప్పుకుంది. తన ఉద్యోగులు కొందరు కాగితం నాణ్యత పరీక్షల ధ్రువపత్రాల్లో ఫలితాలను కావాలనే మార్చారని ప్రకటించింది. ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవి వదులుకున్నాడు. ఒకే మిల్లు ఎన్నో దేశాలకు నోట్ల కాగితం అమ్ముతుంటే, కొనేవాడికి కాగితంతో పాటు ఆ ధ్రువపత్రం తప్ప వేరే ఆధారం ఉండదు. నోటు ముద్రణలో ఎంత స్వావలంబన చెప్పుకున్నా, కాగితం దగ్గర పరాధీనంగా ఉన్నంతకాలం అది సగం మాటే.

ఆ లోటు తీర్చే ప్రయత్నం అప్పటికే మొదలైంది. 2010లోనే మైసూరులో కొత్త మిల్లుకు శంకుస్థాపన జరిగింది. ప్రభుత్వ ముద్రణ సంస్థ, రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ చెరిసగం వాటాతో పెట్టిన ఆ మిల్లు సామర్థ్యం ఏడాదికి 12,000 టన్నులు. 2015 మే 30న హోషంగాబాద్‌లో 6,000 టన్నుల కొత్త లైను ప్రారంభమై, వెయ్యి రూపాయల నోట్ల కాగితం అక్కడి నుంచి నాసిక్‌కు బయలుదేరింది. మరుసటి ఏడు నవంబరులో ఆ వెయ్యి నోటే రద్దయింది! కాగితం మిల్లువాళ్ల కష్టం మీద రాజకీయ నిర్ణయాలు ఇలాగే పడుతుంటాయి.

కాగితానికి బదులు ప్లాస్టిక్ వాడదామన్నవారూ ఉన్నారు. ఆస్ట్రేలియా 1988లో మొదలుపెట్టి 1996కల్లా అన్ని నోట్లనూ పాలిమర్‌కు మార్చింది. బ్రిటన్ 2016లో అదే బాట పట్టింది. పోర్టల్స్ పేరుతో నడిచిన మిల్లులో నోట్ల కాగితం ఆపేస్తున్నట్టు 2022లో ప్రకటన వచ్చింది. దాదాపు మూడు వందల ఏళ్ల పని అది. కొచ్చి, మైసూరు, జైపూర్, సిమ్లా, భువనేశ్వర్‌లలో పది రూపాయల ప్లాస్టిక్ నోట్లను ప్రయోగించాలని భారత ప్రభుత్వం కూడా అనుకుంది, కానీ అది ముందుకు సాగలేదు. పత్తి పండే దేశంలో, రెండు మిల్లుల మీద ఇంత ఖర్చుపెట్టాక, పత్తి నోటుతోనే సాగడం సరైన నిర్ణయం.

ఇక పాఠకులు చేయగలిగిన పని ఒకటుంది. నోటులో ఖాళీగా కనిపించే తెల్లని భాగం వాటర్‌మార్క్ కోసం వదిలిన కిటికీ. కట్టలో ఎన్ని నోట్లున్నాయో, ఎవరికి ఎంత ఇవ్వాలో రాయడానికి చాలామంది పెన్ను పెట్టేది సరిగ్గా అక్కడే. నోట్ల కట్టలకు పిన్నులు కొట్టడం మానేయమని రిజర్వు బ్యాంకు 2001లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ కిటికీ మీద రాయవద్దని జనానికీ చెబుతూనే ఉంది. పెద్ద నోటు చేతికొచ్చినప్పుడు ఒక్కసారి వెలుతురుకు పట్టి నీడ చూడండి, దారం వెతకండి, ఆ తెల్లచోటును మాత్రం తెల్లగానే వదిలేయండి.